అరిగిన పట్టీ

నేను 22 సంవత్సరములనుండి బడిపంతులను. సంస్కృతమును, ఆంగ్లమును చదివి, ఆ రెంటినే పిల్లలకు చెప్పుచు జీవించుచున్నాను. ఈ కాలమంతటిలో నేను స్క్రూడ్రైవరును చేతబట్టిన దినములు లెక్కించినచో ఒక చేతివ్రేళ్ళు చాలి మిగులును. కుర్చీకాలు కదలినను, కుళాయి కారినను, ఎవరినో పిలువనంపుటయే నాకు తెలిసిన మరమ్మతు. ఇది నాకు కొరతగా తోచలేదు సరిగదా, చదువుకొన్నవాని లక్షణముగనే తోచుచుండెను. ఆ యభిప్రాయము పోవుటకు మా తమ్ముని కుమార్తె చేయి విరుగవలసి వచ్చినది. కావున ఈ సంగతిని వినోదమునకై వ్రాయుట లేదు.

2024 డిసెంబరు నెలలో సెలవు పెట్టి అమెరికాలోనున్న మా తమ్మునియింటికి వెళ్లితిని. వాడు వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ నగరము ప్రక్కనున్న బెల్‌వ్యూలో కాపురమున్నాడు. ఆ యూరికి తూర్పుగా గంటసేపు కారులో పోయినచో కాస్కేడ్ పర్వతములలోని స్నోక్వాల్మీ కనుమ చేరుదుము. కనుమ యెత్తు సుమారు 3000 అడుగులు. చలికాలమున అచ్చటి కొండవాలులు మంచుతో కప్పబడి యుండును. ఇనుపత్రాటికి వ్రేలాడు కుర్చీలలో కూర్చుండి జనులు పైకి పోయి, కాళ్ళకు పలకలు కట్టుకొని క్రిందికి జారుదురు. మా తమ్ముని కుమార్తెకు 17 ఏండ్లు. ఆమెకు స్నోబోర్డు ఆట ప్రాణము.

స్నోబోర్డును చూడని చదువరులకు దానినిగూర్చి కొంచెము చెప్పవలెను. స్కీలు పాదమునకొక్కటి చొప్పున రెండు. స్నోబోర్డు రెండు పాదములకును కలిసి యొక్కటే పలక. దానిమీద అడ్డముగా నిలుచుండి జారవలెను. దీని పుట్టుక నాకు మిక్కిలి నచ్చినది. 1965వ సంవత్సరమున క్రిస్మస్ దినమున, మిషిగన్ రాష్ట్రములోని మస్కీగన్ నగరమున షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెలు ఆడుకొనుటకై రెండు స్కీలను ప్రక్కప్రక్కన చేర్చి బిగించెను. దానికి ‘స్నర్ఫర్’ అని పేరు వచ్చినది. అప్పటికి దానికి కాళ్ళు కట్టుకొను సాధనమే లేదు. 1977లో వెర్మాంట్ రాష్ట్రమున జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డులు చేసి యమ్మ నారంభించెను. అతడును, ఇతరులును క్రమముగా పాదములను బోర్డునకు బిగించు సాధనములను కల్పించి మెరుగుపరచిరి. 1998లో జపానులోని నగానో ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, స్త్రీలకును గూడ ఈ ఆటకు స్థానము లభించెను. ఒక తండ్రి తన ఆడుపిల్లలకొరకు చేతితో అతుకువేసిన వస్తువు ఇంతదూరము వచ్చినది!

పాదమును బోర్డునకు పట్టియుంచు సాధనమునకు బైండింగు అని పేరు. బోర్డునకు రెండు బైండింగు లుండును. ఒక్కొక్కదానికి ఒక పాదపీఠము. దాని నడుమ ఒక గుండ్రని బిళ్ళ. సాధారణముగా ఆ బిళ్ళగుండ నాలుగు మరమేకులు బోర్డులోనికి దిగియుండును. వెనుక పిక్కకు ఆనుకొను ఒక పలక. పైన రెండు పట్టీలు: ఒకటి చీలమండమీద, రెండవది కాలివ్రేళ్ళమీద. పట్టీకి ఒక కొసను మెత్త, దాని చివర రాట్చెట్టు అను కొక్కెము. రెండవ కొసను పళ్ళుగల సన్నని ప్లాస్టిక్ పట్టీ. ఈ పళ్ళపట్టీని కొక్కెములో దూర్చి మీటను పైకెత్తుచున్నకొలది పన్ను తరువాత పన్ను లోనికి పోయి బిగియును. కొక్కెములోని చిన్న నాలుక స్ప్రింగు బలముచేత పంటిసందున కూర్చుండి, పట్టీని వెనుకకు పోనీయదు. మనిషి బరువు, వేగము, మలుపు, ఇవి యన్నియు తుదకు ఆ నాలుకమీదను, ఆ పంటిమీదను పడును. స్కీల బైండింగులు బలమైన వత్తిడి తగిలినపుడు తమంతట తామే బూటును విడిచిపెట్టునట్లు చేయబడినవి. స్నోబోర్డు బైండింగులు అట్లు విడువవు. రెండు పాదములును కట్టువడి యుండుటయే వాని రక్షణ. ఒకటి యూడి రెండవది నిలిచినచో బోర్డంతయు ఒంటికాలిమీద తిరుగును.

కొండకు పోవుటకు ముందురాత్రి ఆ పిల్ల కారుషెడ్డులో నేలమీద గోనెపట్ట పరచుకొని, బోర్డును ముందిడుకొని కూర్చుండెను. ప్రక్కను పనిముట్ల పెట్టె. నేనును, మా తమ్ముడును కాఫీ త్రాగుచు అచ్చటికి పోతిమి.

“నాన్నా, ముందు కాలి పట్టీ జారుతోంది. పళ్ళు అరిగిపోయాయి. నా చిన్నప్పటి బోర్డుకున్న పట్టీ విప్పి దీనికి వేసి చూస్తాను” అనెను.

“ఈ రాత్రివేళ అదంతా ఎందుకమ్మా? వచ్చే నెల కొత్తది కొనేద్దాం. రేపటికి దీంతోనే సర్దుకో” అని మా తమ్ముడనెను.

నేనంతతో ఊరకుండవలసినది. ఉండలేదు. “ఆడపిల్లవు, నీకెందుకు తల్లీ ఈ మేకులూ సుత్తులూ? షాపువాడికిస్తే వాడే చూసుకుంటాడు” అంటిని.

ఆమె నావంక ఒక్కసారి చూచెను. ఏమియు ననలేదు. చేతిలోని పనిముట్టును పెట్టెలో పెట్టి మూతవేసెను. స్త్రీవిద్యనుగూర్చి ఎన్నో సభలలో మాటలాడి చప్పట్లందుకొన్నవాడను. ఆ చూపునకు నాకప్పుడు అర్థము తెలియలేదు.

మరునాడు మధ్యాహ్నము ఆమె రెండు మూడు మారులు చక్కగనే దిగి వచ్చినది. నేను క్రింద విశ్రాంతిశాలలో అద్దముప్రక్కను కూర్చుంటిని. ఎఱ్ఱని దుస్తులు ధరించిన రక్షకులిద్దరు ఒక మంచుబండిమీద నెవరినో దింపుకొని వచ్చుచుండిరి. ‘పాపము, ఎవరి పిల్లయో’ అనుకొంటిని. మా పిల్లయే.

మడమవైపు మలుపు తిరుగుచుండగా ముందుకాలి చీలమండపట్టీ రెండు మూడు పళ్ళు జారి, వెంటనే పూర్తిగా వదలిపోయెనట. బూటు పైకి లేచెను. బోర్డు వెనుకకాలిమీద గిరగిర తిరిగెను. ఆమె వెల్లకిల పడుచు కుడిచేతిని నేలకు ఆనించెను. మణికట్టు విరిగినది. ఈ ఆటలో మిక్కిలి తరచుగా కలుగు గాయము ఇదియేనని వైద్యుడు చెప్పెను. ఆరు వారములు కట్టు ఉంచవలెననెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారినపిదప ఆమె గదికి పోయి, “నేనామాట అనకుండా ఉండవలసింది, అమ్మా” అంటిని. ఆమె కొంచెముసేపు ఆలోచించి, “మీరన్నందుకు నేను మానడమేమిటి పెదనాన్నా? అది నా తప్పు” అనెను. నన్నోదార్చుటకు అన్నమాట కాదు. నిజముగనే అట్లు తలచెను. తన కాలిక్రింది వస్తువునకు తానే పూచీ అని పదునేడేండ్ల పిల్లకు తెలిసియున్నది. నలుబదియేండ్లు దాటిన నాకది తెలియదు.

రెండు వారములైనపిదప ఆమె నన్ను కారుషెడ్డుకు పిలిచెను. “పట్టీ మార్చాలి. నాకు చెయ్యి లేదు. మీకు రెండున్నాయిగా” అని నవ్వెను. నేను నేలమీద గోనెపట్టపై కూర్చుంటిని. ఆమె పీటపై కూర్చుండెను. గురుశిష్యస్థానములు అట్లు మారినవి.

మొదట ఆ పాతబోర్డు పట్టీని విప్పించి చూచెను. బోల్టు దూరు రంధ్రముప్రక్కను సన్నని తెల్లని గీత యొకటి కనబడినది. ప్లాస్టిక్కు లోలోపల చిట్లనారంభించినపుడు అట్లు తెల్లబడునట. చలిలో అది మరింత పెళుసగును. “ఇది వేసుకున్నా తెగేదే” అనెను. ఆ రాత్రి నేనడ్డుపడకున్నచో ఆమె పడకుండెడిదా యని నేను చెప్పలేను. కాని విప్పియున్నచో ఈ గీత కనబడియుండును. కనబడినచో కొండకు పోకుందునని ఆమెయే చెప్పెను. మరమ్మతు అనగా మార్చుట మాత్రమే కాదు. విప్పి చూచుటయే అందు మొదటి సగము.

తరువాత క్రొత్తపట్టీల సంగతి. ఇట్టి చిన్నభాగములను విడిగా తెప్పించుకొనవచ్చునని మా తమ్మునికే తెలియదు. బైండింగు పేరును, రకమును, పరిమాణమును చూచి సరిగా చెప్పవలెను. ఒక తయారీవారి పట్టీ మరియొకరి కొక్కెములో దూరినంతమాత్రమున సరిపడినట్లు కాదు. పళ్ళయెడము భేదించినచో నాలుక సరిగా కూర్చుండదు. చీలమండపట్టీ వేరు, వ్రేళ్ళపట్టీ వేరు. చెడినది ఒక్కటే యైనను ఆమె నాలుగింటిని తెప్పించెను. “అన్నీ ఒకే ఈడువి పెదనాన్నా. ఒకటి అరిగిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయి” అనెను. మా తమ్ముడు చూచిన క్రొత్తజత వెల 280 డాలర్లు. ఈ నాలుగు పట్టీలకును, కొన్ని మరమేకులకును కలిపి 40 డాలర్లు దాటలేదు. ఒక చిన్నకవరులో వచ్చినవి.

పని ఆరంభించితిని. చేతికి దొరకిన స్క్రూడ్రైవరుతో మొదటి మరమేకును త్రిప్పగానే అది జారి, మేకుతలలోని ప్లస్ గుర్తును కొరికివేసెను. “ఆపండి! అది 2వ నంబరు. దీనికి 3వ నంబరు కావాలి. ముందు గట్టిగా కిందికి నొక్కండి, ఆ తరవాతే తిప్పండి” అని ఆమె కేకవేసెను. ఆ మొనలు చూచుటకొక్కటే రీతిగా నుండును. చిన్నమొన పెద్దగుంటలో దూరును, తిరిగినట్లును కనబడును; బలము చూపగానే మేకును పాడుచేయును. గురువు పడవలసినచోట లఘువు పడినచో పద్యమెట్లు కుంటునో పిల్లలకు దినదినమును చెప్పువాడను; అంతటి నియమము ఇనుపముక్కలోను కలదని నాకిదివరకు తెలియదు.

విప్పిన బోల్టును, వాషరును, నట్టును విప్పిన వరుసలోనే గుడ్డమీద పేర్పించెను. విలోమముగా తిరిగి బిగించినచో తప్పు రాదు. అరిగిన పట్టీని క్రొత్తదానిప్రక్కను పెట్టించి, “చూడకండి, గోరుతో రాసి చూడండి” అనెను. కంటికి రెండును ఒక్కటివలెనే యుండెను. గోటికి క్రొత్తదాని పళ్ళు కరకుగా తగిలినవి. పాతదాని నడిమిపళ్ళు, దినదినమును బిగింపు నిలుచుచోటివి, గులకరాళ్ళవలె నునుపెక్కియుండెను. కొక్కెపు నాలుకను కూడ అట్లే పరీక్షించితిమి. అది బాగుగనున్నది, స్ప్రింగు సందున మాత్రము మట్టి చేరియున్నది. తుడిచితిని. పళ్ళు క్రొత్తవైనను నాలుక అరిగియున్నచో ఫలము లేదు. రెండును కలిసియే పట్టును.

పాదపీఠమును బోర్డునకు బిగించు మరమేకులు ఎనిమిది. వానిలో రెండు అరచుట్టు వదులై యుండెను. ఇవి 6 మిల్లీమీటర్ల లావు, 16 మిల్లీమీటర్ల పొడవుగలవి. పొడవెక్కువయైనచో బోర్డు అడుగును లోపలినుండి పొడుచును. తక్కువయైనచో ఒకటి రెండు చుట్లమీదనే మనిషి బరువంతయు ఆధారపడును. నేను తల కొరికినదానికి మారుగా క్రొత్తది వేసితిని. ఒకదాని తరువాత ఎదుటిదానిని కొంచెముకొంచెముగా బిగింపవలెను. బలమున్నదిగదా యని విరుచుకొనిపడినచో మర చెడును. బిగింపు వదలకుండ పూయు జిగురుమందులలో కొన్ని ప్లాస్టిక్కును తినివేయునట. కావున అది తగునో లేదో చూడక పూయరాదు. ఒక దినము వాడినపిదప మరల అన్నింటిని సరిచూడవలెను.

ఆమె బూట్లకు నాడాలు లేవు. చక్రము త్రిప్పగా సన్నని ఉక్కుతీగ బిగియును. ఈ ఏర్పాటు 2001లో స్నోబోర్డు బూట్లతోనే మొదట బయలుదేరినదట. తీగ యనగా ఎన్నో పోగుల పేట. అందొక పోగు తెగి నా వ్రేలికి ముల్లువలె గ్రుచ్చుకొన్నది. దానిని కూడ మార్చితిమి. చక్రములో తీగ ముడివేయుటకే నాకు ముప్పాతికగంట పట్టెను. ఆమె నవ్వు ఆపుకొనుటకు పడిన పాటు నేను చూడకపోలేదు.

పని ముగిసినపిదప బూటును బైండింగులో పెట్టి, పట్టీ బిగించి, బలముకొలది పైకి లాగుమనెను. లాగితిని. కదలలేదు. నా జీవితములో నేను పొందిన పట్టములకంటె ఆ కదలకపోవుట నాకు సంతోషమిచ్చినది.

ఆ సాయంకాలము నాకు మా తాతగారి యెడ్లబండి జ్ఞప్తికి వచ్చెను. కోతలకు ముందు మా యూరి కమ్మరి వచ్చి, చక్రము జారిపోకుండ నిలుపు ఇరుసుచీలలను తీసి చూచి, అరిగినవానిని మార్చెడివాడు. ఆ బండిమీద ధాన్యమేకాదు, మేమందరమును తిరునాళ్ళకు పోయెడివారము. మా ప్రాణములు ఆ చీలలమీద నుండెను. ఐనను ఆ కమ్మరి మా యరుగుమీద కూర్చుండగా నేనెన్నడును చూడలేదు. నిలుచుండియే గింజలు కొలిపించుకొని పోయెడివాడు. పెద్దవాడనైనపిదప అది అన్యాయమని గ్రహించితిని, సభలలో ఖండించితిని. కాని అతని పని నేర్చుకొనదగినదని నాకు తోచలేదు. మనిషిని గౌరవింపవలెనని యొప్పుకొంటిని. అతని చేతిలోని పనిమీది చిన్నచూపును మాత్రము నాలోనే దాచుకొంటిని. ఆ చిన్నచూపే ఆ రాత్రి కారుషెడ్డులో ‘ఆడపిల్లవు, నీకెందుకు’ అని బయటపడినది. ఒక్కమాటలో రెండు దురాచారములు! చేతిపని తక్కువ యనుట యొకటి, ఆ తక్కువపనికిని ఆడుది తగదనుట మరియొకటి.

దశరథుని రథచక్రపు చీల యూడగా కైకేయి తన వ్రేలిని ఆ రంధ్రమున నుంచి రథమును నిలిపినదని మన యిండ్లలో ముసలమ్మలు చెప్పు కథ యొకటి కలదు. వాల్మీకి రామాయణమున ఇది లేదు. గాయపడిన భర్తను యుద్ధభూమినుండి తప్పించి కాపాడెనని మాత్రమే యున్నది. ఇంతకాలము నేను తరగతిలో, ‘ఇది మూలమున లేదు’ అని చెప్పి ఆ కథను త్రోసివేయుచుంటిని. ఇప్పుడట్లు చేయలేను. బండ్లు తోలి, చీలలు మార్చి బ్రదికిన జనులు ఆ చీలను కథలో తామే చేర్చియుందురు. మహారాజు ప్రాణము ఎంతటి చిన్నవస్తువుమీద నుండునో వారికి తెలియును. దానిని కనిపెట్టినది స్త్రీయేయని చెప్పుటకు వారు సందేహింపలేదు. అయితే వ్రేలు బలిపెట్టుట గొప్పయని నేననను. చీలను ముందుగనే మార్చియున్నచో ఎవరి వ్రేలును, ఎవరి మణికట్టును అక్కరలేకపోవును.

పాతదానిని పారవైచి క్రొత్తది కొనుట ధనవంతుల అలవాటనియు, పాతదానితోనే సర్దుకొనుట బీదల అలవాటనియు అనుకొందుము. మా తమ్ముని నోట ఆ రెండును ఒక్క వాక్యములోనే వచ్చినవి: వచ్చేనెల క్రొత్తది, రేపటికి పాతది. రెండింటిలోను విప్పి చూచుట లేదు. నడుమనున్న మూడవదారి ఆ పిల్లది: ఏది అరిగినదో కనిపెట్టి, దానినిమాత్రము మార్చి, మార్చినది నిలుచునో లేదో లాగి చూచుట. సంఘమును సంస్కరింపవలెనను మనకును ఇంతకంటె వేరుదారి యున్నట్లు నాకు తోచదు.

నేను జనవరి నెలాఖరున తిరిగి వచ్చితిని. వచ్చినపిదప ఇంటికొక పనిముట్ల పెట్టె కొంటిని. బడిలో ఆడుపిల్లల సైకిళ్ళకు చెయిను జారినపుడు ఇదివరకు మగపిల్లలను పిలిచెడివాడను. ఇప్పుడు ఆ పిల్లలనే కూర్చుండబెట్టి, నేనును ప్రక్కను కూర్చుండి, చేతులు నల్లచేసికొనుచున్నాము. తోటి ఉపాధ్యాయులు కొందరు నవ్విరి. నవ్వనిండు.

2025 ఏప్రిలు మొదటివారమున ఒక తెల్లవారుజామున ఫోను మ్రోగెను. గొంతు వెనుక గాలి హోరు వినబడుచుండెను.

“పెదనాన్నా, కొండమీంచే మాట్లాడుతున్నాను. నాలుగుసార్లు దిగాను. పట్టీ కదల్లేదు” అనెను. నేను బదులు చెప్పులోపలనే, “అయినా ఇంటికి వెళ్ళాక మళ్ళీ విప్పి చూస్తాను” అనెను.